బీడు భూమి ఖాళీగా ఉండదు

వాక్య పాఠము

ధ్యాన భాగము: ఎఫెసీయులకు 4:17 నుండి 5:20 వరకు
తోడుగా చదువవలసినవి: సామెతలు 24:30-34, మత్తయి 12:43-45, రోమా 6:12-19
ముఖ్యాంశము: పాపపు అలవాటును మానుట సగము పని మాత్రమే. అది ఖాళీ చేసిన చోట దైవభక్తిగల అలవాటును నాటుట మిగిలిన సగము.



 పాపమును విడిచిపెట్టుడని మన సంఘములలో బోధ వినని ఆదివారము ఉండదు. విని తలలు ఊపుదుము, కొందరము కన్నీరు విడుతుము, ఉజ్జీవ కూటములలో లేచి నిలువబడి తీర్మానము చేయుదుము. అయినను కొన్ని నెలలు గడచువరకు అనేకులము మరల పాత త్రోవలోనే కనబడుచున్నాము. ఎందుకు ఇట్లు జరుగుచున్నది? ఈ పాఠములో ఈ ఒక్క ప్రశ్ననే వాక్యపు వెలుగులో పరిశీలింతము. ఇంటిల్లిపాది కూర్చుండి, బైబిలు తెరచి, వచనములు చూచుకొనుచు చదువవలెనని కోరుచున్నాము.

1. పావగడ సీమ పొలములు నేర్పు పాఠము

మనలో పావగడ ప్రాంతమునుండి పని కొరకు బెంగుళూరు వచ్చి స్థిరపడినవారు ఉన్నారు. తుమకూరు జిల్లాలోని ఈ తాలూకా కర్ణాటకలోనే యున్నను మూడు వైపుల ఆంధ్ర దేశమే. కచేరిలో కన్నడము, ఇంటిలో తెలుగు. వాన తక్కువ, కరవు ఎక్కువ. శెనక్కాయ విత్తి ఆకాశము వైపు చూచుటయే అక్కడి రైతు బ్రదుకు.

ఆ సీమలో వ్యవసాయము చేసినవారికి ఒక సంగతి బాగుగా తెలియును. వాన రాక, చేతిలో డబ్బు లేక, ఒక పొలమును రెండు మూడు ఏండ్లు బీడుగా వదలినయెడల అది ఖాళీగా ఉండదు. ఎవరు విత్తకపోయినను సర్కారు తుమ్మ మొలచును. పశువులు ఆ కాయలను తిని, పేడతో గింజలను పొలమంతట చల్లును. నాలుగవ ఏట చూడబోతే అడుగు పెట్టుటకు చోటు ఉండదు. గొడ్డలితో పైపైన నరికితే మొదలునుండి ఒకటికి నాలుగు కొమ్మలు లేచును. వేరుతో పెరికి, దున్ని, విత్తి, ఏటేట కలుపు తీసినవాని పొలమే పొలముగా నిలుచును.

ఆ తాలూకాలోని క్యాతగానచెర్లు గ్రామమును మనలో కొందరు ఎరుగుదురు. తిరుమణి, వల్లూరు, బాలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు అను ఈ అయిదు ఊళ్ళ పొలములలో సుమారు 13,000 ఎకరములు నేడు సూర్యరశ్మితో విద్యుత్తు పుట్టించు గొప్ప సోలార్ పార్కుగా మారినవి. 2018లో అది ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల స్థాయికి చేరినది. రైతులు భూమిని అమ్మలేదు, కౌలుకు ఇచ్చిరి. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలతో ఆ కౌలు మొదలైనది. శెనక్కాయ సాళ్ళు ఉండిన చోట ఇప్పుడు కంటికి అందినంత దూరము నల్లని పలకల వరుసలు.

ఈ పొలములు మనకు మూడు సంగతులు బోధించుచున్నవి. మొదటిది, భూమి ఎవరి పేరున ఉన్నను, దానిని ఎవరికి అప్పగించితిమో వారి పనియే దానిలో జరుగును. మన అవయవములను పాపమునకు అప్పగింపక దేవునికి అప్పగించుడని పౌలు రోమా 6:13లో చెప్పుటలో ఇదే భావము కలదు. రెండవది, అక్కడ ఒకటి తీసివేయబడినప్పుడు ఆ చోటు ఊరక వదలబడలేదు; మరియొకటి నిలువబెట్టబడెను. మూడవది, నిలువబెట్టిన తరువాత కూడ పని ముగియలేదు. ఆ పలకలమీద ధూళి పడుచుండును. క్రింద గడ్డి పెరిగి నీడ వేయుచుండును. కడుగుటకును గడ్డి కోయుటకును మనుష్యులు ఎడతెగక ఉండవలెను. ధూళి పట్టిన పలక తక్కువ విద్యుత్తు ఇచ్చును. సూర్యుడు తగ్గెనా? లేదు, ధూళి పెరిగెను. మన ప్రార్థన చల్లారినప్పుడు దేవుడు దూరమయ్యెనని సణుగుకొనువారము ఈ సంగతి జ్ఞాపకముంచుకొందుము గాక (1 యోహాను 1:9).

సొలొమోను కూడ ఒకనాడు ఒక పొలము ప్రక్కగా నడచుచు పాఠము నేర్చుకొనెను. సోమరివాని చేనిలో ముండ్లతుప్పలు బలిసి, రాతిగోడ పడియుండెను (సామెతలు 24:30-34). ఆ సోమరి ముండ్లను విత్తలేదు. అతడు ఏమియు విత్తలేదు. అదియే అతని నష్టమునకు కారణము.

2. విడుచుట, ధరించుట

ఇప్పుడు ధ్యాన భాగమునకు వచ్చెదము. ఎఫెసీ 4:22-24లో పౌలు మూడు మాటలు చెప్పుచున్నాడు: పాత స్వభావమును విడుచుట, మనస్సునందు నూతనపరచబడుట, క్రొత్త స్వభావమును ధరించుట. ఇది బట్టలు మార్చుకొను భాష. మట్టి పని చేసి వచ్చినవాడు మురికి చొక్కాను విప్పును. విప్పి అట్లే వీధిలోనికి పోడు. ఉతికిన చొక్కా తొడుగుకొనును. తొడుగుకొనుటకు వేరొకటి లేనియెడల తెల్లవారిన తరువాత మరల ఆ మురికి చొక్కానే వెదకుకొనును.

తరువాతి వచనములను జాగ్రత్తగా చూడుడి. పౌలు ఏ పాపమును ఊరక మానుమని చెప్పి వదలివేయలేదు. ప్రతిదాని చోటున మరియొకటి ఉంచెను.

అబద్ధము మానవలెను; దాని చోటున పొరుగువానితో సత్యము పలుకవలెను (4:25).
దొంగిలినవాడు దొంగతనము మానవలెను. ఆ చేతులతోనే కష్టపడి అక్కరగలవానికి పంచిపెట్టవలెను (4:28).
దుర్భాష నోట రాకూడదు. వినువారికి మేలుచేయు మాట రావలెను (4:29).
కోపము, అల్లరి, దూషణ విసర్జింపవలెను. దయ, కరుణ, క్షమాపణ కలిగియుండవలెను (4:31-32).
మద్యముతో మత్తులు కాకూడదు. ఆత్మతో నింపబడి కీర్తనలు పాడవలెను (5:18-19).

దొంగను గూర్చిన వచనమును మరియొకసారి చదువుడి. దొంగ ఎప్పుడు దొంగ కాకుండ పోవును? దొంగతనము మానిన దినముననా? ఆ దినమున అతడు పని లేని దొంగ మాత్రమే. చేతులు కష్టము నేర్చుకొని, సంపాదించినది ఇచ్చుట నేర్చుకొన్నప్పుడు అతడు క్రొత్తవాడని తెలియును. తీసికొనిన చేయి ఇచ్చు చేయిగా మారెను. జక్కయ్య చేసినది ఇదే. ఇకమీదట అన్యాయముగా తీసికొననని చెప్పి అతడు కూర్చుండిపోలేదు. ఆస్తిలో సగము బీదలకును, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలును ఇచ్చెదనని లేచి నిలిచెను (లూకా 19:8).

దీనికి ఎదురుగా మన ప్రభువు ఒక ఖాళీ ఇంటిని గూర్చి హెచ్చరించెను (మత్తయి 12:43-45). అపవిత్రాత్మ విడిచిపోయిన ఆ ఇల్లు ఊడ్చబడి, అమర్చబడి యుండెను. అందులో దోషము ఏమి? ఎవరును కాపురముండకపోవుటయే. పోయినది మరి ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చెను, ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటిదానికంటె చెడ్డదాయెను. ఊడ్చుటతో తృప్తిపడు సంఘములకు ఇది భయము పుట్టింపవలసిన మాట.

3. మేము చేసిన తప్పు

ఈ మాట ఇతరులకు వ్రాయుటకు ముందు మా తప్పును మేము ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని ఏండ్ల క్రిందట మా మధ్య ఒక సహోదరుడు ఉండెను. కట్టడముల వద్ద మేస్త్రీ పని. శనివారము సాయంకాలము బట్వాడా. ఆ డబ్బు ఇంటికి చేరకముందే సగము సారాయి కొట్టులో ఆగిపోయెడిది. ఒక కూటములో అతడు లేచి, ఏడ్చి, ఇక త్రాగనని తీర్మానము చేసెను. మేము స్తోత్రము చెప్పితిమి, పాట పాడితిమి, అతని పేరు వ్రాసికొంటిమి. అయిదు శనివారములు అతడు నిలిచెను. ఆరవ శనివారము పడిపోయెను. అప్పుడు మేము ఏమి చేసితిమి? సంఘ కమిటీ కూడి, ప్రభువు బల్లనుండి అతనిని నిలిపివేసితిమి. క్రమశిక్షణ తప్పని మేము చెప్పము. అయితే ఆ తీర్మానము తెలియజేయుటకు ఒకరు వెళ్ళిరి. ఆ తరువాత మూడు నెలలు ఎవరును వెళ్ళలేదు.

చివరకు మాలో ఇద్దరము అతని ఇంటికి వెళ్ళినప్పుడు అతడు చెప్పిన మాట ఇది: "తాగొద్దని అందరూ చెప్పినారు అయ్యగారూ. శనివారం ఏడు గంటలకు నేను యాడికి పోవల్లనో ఒకరూ చెప్పలేదు."

ఆ మాటకు మాయొద్ద ఉత్తరము లేదు. పని ముగిసిన అలసట, చేతిలో డబ్బు, ప్రక్కన తోటి పనివారు, ఎప్పుడును నడచు అదే త్రోవ. పది ఏండ్లుగా అతని కాళ్ళు ఆ గంటకు ఆ త్రోవనే ఎరుగును. మేము అతని చేతిలోనుండి గ్లాసును తీసివేసితిమి గాని, ఆ గంటను, ఆ త్రోవను, ఆ తోడును మార్చలేదు. ఊడ్చిన ఇంటికి తాళమైనను వేయకుండ వదలి వచ్చితిమి.

ఆ తరువాత చేసినది పెద్ద పని కాదు. శనివారము సాయంకాలము ఏడు గంటలకు ఒక్కొక్క వారము ఒక్కొక్క ఇంట ప్రార్థన పెట్టితిమి. అతనితో అదే కట్టడములో పని చేయు ఒక సహోదరుడు బట్వాడా తరువాత వేరే వీధిగుండా అతనిని వెంటబెట్టుకొని వచ్చుచుండెను. కూలి డబ్బు మొదట ఇల్లాలి చేతికి పోవలెనని అతడే నియమము పెట్టుకొనెను. పాట వ్రాసిన పుస్తకము పట్టుకొను పని అతనికి అప్పగించితిమి. మధ్యలో రెండుసార్లు పడెను. ఈసారి ఆ మరుసటి దినముననే వెళ్ళితిమి. నేటికిని ఒక్కొక్క శనివారము గడచినప్పుడు దేవుని స్తుతించుచున్నాము, రాబోవు శనివారము కొరకు మరల ప్రార్థించుచున్నాము.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. అనేక ఏండ్లు ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల వణకు, మూర్ఛ, మతి తప్పుట కలుగవచ్చును. అది ప్రాణాపాయము కూడ కావచ్చును. అట్టివానిని ప్రార్థనతో పాటు వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగము కలదు. వైద్యము చేయించుట అవిశ్వాసము కాదు.

4. మన పితరులు నడచిన త్రోవ

తీసివేసిన చోట నాటుట మనము క్రొత్తగా కనుగొన్నది కాదు. మన తెలుగు బాప్టిస్టు సంఘముల పుట్టుకలోనే ఇది యున్నది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. యర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన చుట్టుపట్ల మాదిగ పల్లెలనుండి జనులు వచ్చుచుండగా, డాక్టర్ క్లౌ దొరగారు వారికి మూడు నియమములు చెప్పిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి మూడు నిషేధములు. అయితే ఆ పల్లెలలో బ్రదుకునకు వాటి అర్థమేమో ఆలోచించుడి. చచ్చిన పశువు వారి వాటాగా ఊరు ఇచ్చు కూలిలో భాగము; దానిని వదలుట ఆకలిని ఎదుర్కొనుట. జాతరలో డప్పు కొట్టననుట ఊరి పెద్దలను ఎదిరించుట. అనేక పల్లెలలో వారికి పని నిరాకరింపబడెను, నీళ్ళకు కూడ ఆటంకము కలిగెను.

అట్టి శ్రమలో వారు ఎట్లు నిలిచిరి? ఒంటరిగా నిలువలేదు. కుటుంబములుగా, పల్లెలుగా కలిసి నిలిచిరి. ఆదివారము పని ఆగిన చోట ఆరాధన కూటము వచ్చెను. విగ్రహము తీసిన చోట ప్రార్థన వచ్చెను. జాతర పాట ఆగిన నోట క్రీస్తును గూర్చిన పాట వచ్చెను. అక్షరము ఎరుగని పల్లెలో బడి వచ్చెను. తీసివేసిన ప్రతి చోట ఒకటి నాటబడెను.

1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పని కంట్రాక్టుగా తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. ఆ కాలములో ఆయన బాప్తిస్మములు నిలిపివేసిరి. అన్నము కొరకు ఎవరును క్రైస్తవులు కాకూడదని. కూలివారు సేదతీరు వేళలలో బోధకులు వారితో కూర్చుండి వాక్యము చెప్పుచుండిరి. కరవు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము ప్రతి జూబిలీ సభలో చెప్పుకొందుము. దాని వెనుక దినదినము వాక్యము విత్తిన చేతులను మరచిపోకూడదు.

వలస వెళ్ళినవారి విషయములోను ఇదే జరిగెను. నేటాలులోని తోటలలో కూలికి వెళ్ళిన తెలుగువారి కొరకు మన హోమ్ మిషన్ సంఘము 1903లో జాన్ రంగయ్యగారిని పంపెను. ఊరు, పెద్దలు, బంధువులు లేని చోట మనుష్యుడు ఎట్లైనను బ్రదుకవచ్చును, అడుగువారు ఉండరు. కియర్స్‌నీ తోటలో ఆయన వారిని తెలుగు సంఘముగా కూర్చిరి. పరదేశములో వారికి మరల ఒక కూడిక, ఒక పాట, పలుకరించు మనుష్యులు దొరకిరి.

5. నెల్లూరు స్త్రీలు చూపిన సంగతి

మన మిషనరీలు పని చేసిన నెల్లూరు జిల్లాలోనే మన కాలములో మరియొక సంగతి జరిగినది. ఇది సంఘ చరిత్ర కాదు గాని మన పాఠమునకు సహాయపడును. దూబగుంట గ్రామములో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారాయి దుకాణమునకు ఎదురు నిలిచిరి. 1992 నాటికి అది జిల్లా అంతట, రాష్ట్రమంతట ఉద్యమముగా లేచెను. 1993 అక్టోబరులో రాష్ట్రములో సారాయి నిషేధింపబడెను; 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము ఎత్తివేయబడెను. కర్ణాటకలోను 2007 జూలై 1 నుండి సారాయి లేదు. అయినను త్రాగువారు బ్రాందీ, విస్కీల వైపు తిరిగిరి. చట్టము కుండను పగులగొట్టగలదు; దాహమును మార్చలేదు.

అయితే ఆ స్త్రీలు అక్కడ ఆగలేదు. సారాయికి పోయిన డబ్బులో దినమునకు ఒక రూపాయి చొప్పున ప్రక్కన పెట్టుటకు సంఘములుగా చేరిరి. నెల్లూరులో అదే పొదుపు ఉద్యమముగా పెరిగెను. చట్టము ఎత్తివేయబడిన తరువాతను ఆ రూపాయి అలవాటు నిలిచెను. సాయంకాలము పలక పట్టిన చేయి, దినమున రూపాయి దాచిన చేయి, పాత త్రోవను మరలనీయకుండ కాచెను.

6. మన ఇండ్లలో ఏ పొలము బీడుగా ఉన్నది?

ఇంతవరకు త్రాగుడును గూర్చి ఎక్కువగా చెప్పితిమి. త్రాగనివారము ఊపిరి పీల్చుకొనక మన పొలములను చూచుకొందుము.

నోరు. ఆరాధన ముగిసి మెట్లు దిగకముందే ఇతరుల ఇంటి సంగతులు మాటలాడు అలవాటు మనలో పురుషులకును స్త్రీలకును కలదు. ఇకమీదట మాటలాడనని నోరు బిగించినవారు రెండు వారములకంటె ఎక్కువ నిలువరు. ఎవరిని గూర్చి మాటలాడ నోరు దురదపెట్టునో వారి పేరు చెప్పి ప్రార్థించుట, వారి ఇంటికి వెళ్ళి మంచిచెడ్డలు అడుగుట నేర్చుకొన్నయెడల ఆ నాలుకకు పని దొరకును.

ఫోను. రాత్రి పడక మీద మన యౌవనస్థుల చేతిలో వెలుగునది ఏమి? అపవిత్ర దృశ్యములు, క్రికెట్టు పందెములు, అప్పు ఇచ్చు యాప్‌లు. ఫోను పగులగొట్టుట పరిష్కారము కాదు. పనికి, చదువుకు అది కావలెను. రాత్రి తొమ్మిదికి ఇంటివారందరి ఫోనులు ఒక బల్లమీద ఉంచి, ఆ వేళ కుటుంబ ప్రార్థనకు ఇచ్చుట మేలు. తండ్రి ఫోను మొదట ఆ బల్లమీదికి రావలెను.

కోపము. బయట మేనేజరుగారి యెదుట సాత్వికులము, ఇంట భార్యాబిడ్డల యెదుట సింహములము. గుమ్మము దాటకముందు ఒక నిమిషము నిలిచి ప్రార్థించు అలవాటు అనేక గృహములను కాపాడును.

డబ్బు. క్యాతగానచెర్లు వంటి ఊళ్ళలో భూమిగలవారికి ఏటేట కౌలు వచ్చును. భూమి లేక పొలములో కూలికి పోయినవారికి ఆ కూలి పోయినది. ఈ రెండు విధముల కుటుంబములవారు పట్టణములో ఒకే సంఘములో ఒకే బెంచీమీద కూర్చుండగలరు. శ్రమ లేక వచ్చు డబ్బు, పని లేక మిగులు ప్రొద్దు, ఇవి రెండును కలిసినప్పుడు శోధన దూరముగా ఉండదు. సొదొమ దోషమును యెహెజ్కేలు ఎట్లు వర్ణించెనో చూడుడి: ఆహార సమృద్ధి, నిర్విచారము, దీనులకు సహాయము చేయకపోవుట (యెహెజ్కేలు 16:49). కౌలు డబ్బు వచ్చిన దినముననే ఒక భాగము తీసి, కూలి పోగొట్టుకొన్న పొరుగువాని బిడ్డల చదువునకు ఇచ్చువాడు ఎఫెసీ 4:28ని నెరవేర్చువాడు. అట్లు చేయనివాడు త్రాగకపోయినను అతని పొలములో తుమ్మ మొలచుచునే యున్నది.

ఊరు మారినంత మాత్రమున అలవాటు మారదు. అది మన మూటలో పడి మనతో కూడ బస్సెక్కి వచ్చును.

7. ఎట్లు ఆరంభింపవలెను?

ఒకటి, పాపమునకు పేరు పెట్టవలెను. "ప్రభువా, నేను పాపిని" అనుట సులభము. "ప్రభువా, నేను ఈ దినము నా భార్యతో అబద్ధమాడితిని" అనుట కష్టము. రెండవదే ఒప్పుకోలు.

రెండు, దాని గంటను, చోటును, తోడును గుర్తింపవలెను. ఏ వేళ? ఏ త్రోవలో? ఎవరితో? చేతిలో ఏమి ఉన్నప్పుడు? యోసేపు వాదించుచు నిలువలేదు. ఆ చోటునుండి పారిపోయెను (ఆదికాండము 39:12).

మూడు, ఆ గంటకే, ఆ డబ్బుకే, ఆ అవయవమునకే మంచి పని ఒకటి నియమింపవలెను. పది తీర్మానములు వద్దు, ఒకటి చాలును. దానియేలు దినమునకు ముమ్మారు మోకాళ్ళూనుట శాసనము వచ్చిన దినమున ఆరంభించినది కాదు. అంతకుముందు చేయుచుండినట్లే చేసెను (దానియేలు 6:10). మన ప్రభువు సహితము తన వాడుక చొప్పున సమాజమందిరమునకును, ఒలీవల కొండకును వెళ్ళెను (లూకా 4:16, 22:39). దేవుని కుమారునికే మంచి వాడుక ఉండగా మనకు అక్కరలేదా?

నాలుగు, ఒకరిని తోడు చేసికొనవలెను. కూడుకొనుట మానుట కూడ కొందరికి అలవాటే అని హెబ్రీ 10:25 చెప్పుచున్నది. ఒంటరివాడు పడినప్పుడు లేవనెత్తువాడు లేడు (ప్రసంగి 4:10).

అయిదు, పడినయెడల ఆ దినముననే లేవవలెను. ఒక్క వాన తప్పినదని రైతు పొలమును తుమ్మకు వదలడు. నీతిమంతుడు ఏడుమారులు పడినను లేచునని వ్రాయబడియున్నది (సామెతలు 24:16).

8. ఒక హెచ్చరిక

ఇదంతయు చదివి, మంచి అలవాట్లు కూర్చుకొని పరలోకము సంపాదింతమని ఎవరును తలంపకూడదు. మనము కృపచేతనే విశ్వాసము ద్వారా రక్షింపబడితిమి, క్రియలవలన కాదు. అయితే అదే చోట, దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియలు చేయుటకై మనము క్రీస్తునందు సృష్టింపబడితిమనియు ఉన్నది (ఎఫెసీ 2:8-10). కృప మనలను క్షమించి ఊరకుండదు. భక్తిహీనతను విసర్జించి, స్వస్థబుద్ధితోను నీతితోను భక్తితోను బ్రదుకుటకు మనకు బోధించును (తీతు 2:11-12). బీడు దున్ని విత్తుట మన పని, వాన కురిపించుట ప్రభువు పని (హోషేయ 10:12). వాన ఆయనదని నాగలి మూల పెట్టువాడు పంట చూడడు. నాగలి నాదని ఆకాశము వైపు చూడనివాడును చూడడు.

బాప్తిస్మపు నీటిలో మనము పాత మనుష్యుని పాతిపెట్టి వచ్చితిమి. ఆ దినమున లేచి వచ్చినది నూతన జీవమందు నడచుటకే (రోమా 6:4). నడచుట అనగా ఒక గంతు కాదు; దినదినము, అడుగు వెంబడి అడుగు.

కూడికలో చర్చించుటకు ప్రశ్నలు

1. ఎఫెసీ 4:25-32లో విడువవలసినవానిని ఒక వైపు, ధరింపవలసినవానిని మరియొక వైపు వ్రాయుడి. మీకు ఏ జత కష్టముగా నున్నది?
2. మత్తయి 12:44లో ఇల్లు ఊడ్చబడియు ఎందుకు నష్టపోయెను?
3. మన సంఘములో పడిపోయిన సహోదరుడు, సహోదరి ఎవరైన ఉన్నారా? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్ళుదురు? పేరు వ్రాయుడి.
4. శనివారము సాయంకాలము ఏడు గంటలకు మన సంఘపు తలుపు తెరచియుండునా, మూసియుండునా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా బీడు పొలములను నీయెదుట ఒప్పుకొనుచున్నాము. పెరికిన చోట నాటుటకు మాకు మనస్సు దయచేయుము. పడిన సహోదరుని ఇంటికి వెళ్ళుటకు మా కాళ్ళకు త్రోవ చూపుము. మా సాయంకాలములు, మా కూలి, మా నాలుకలు నీవిగా నుండనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.